ఇంట్లో గిటార్ రిథమ్ గేమ్: పాత కంట్రోలర్లు, టీవీ ఆలస్యం, అసలు గిటార్ నేర్చుకోవడం గురించి సలహా కావాలి

ప్రశ్న: బాలసముద్రం అమ్మ (హనుమకొండ)

అందరికీ నమస్కారం. ఈసారి దసరాకు అమెరికా నుంచి వచ్చిన మా ఆడబిడ్డ కుటుంబం, వాళ్ల పిల్లలు పెద్దవాళ్లై వాడడం మానేసిన గిటార్ కంట్రోలర్లు రెండింటిని మా బాబు కోసం తెచ్చి ఇచ్చింది. వీటికి తీగలు ఉండవు. మెడ మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల బటన్లు ఐదు, కింద మీటడానికి ఒక పట్టీ ఉంటాయి. ఒకదానికి యూఎస్‌బీ వైరు ఉంది, అది ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ కన్సోల్ కోసం చేసినది. రెండోది ప్లేస్టేషన్ 3 కోసం చేసిన వైర్‌లెస్ గిటార్. మా ఇంట్లో కన్సోల్ ఏదీ లేదు. నేను బడి పనికి వాడుకునే ల్యాప్‌టాప్, హాల్లో 43 అంగుళాల టీవీ మాత్రమే ఉన్నాయి.

వైరు ఉన్న గిటార్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి, క్లోన్ హీరో అనే ఉచిత గేమ్‌ను మా ఆడబిడ్డ కొడుకు ఎక్కించి ఇచ్చాడు. పాట నడుస్తుండగా తెర మీద జారివచ్చే రంగు బిళ్ల గీతను తాకగానే ఆ రంగు బటన్ నొక్కి పట్టీ మీటడమే ఆట. ల్యాప్‌టాప్ తెర మీద బాబు బాగానే ఆడుతున్నాడు. అదే ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి, పాట వినడానికి బ్లూటూత్ స్పీకర్ పెట్టినప్పుడు మాత్రం, అన్నిటికంటే తేలికైన స్థాయిలో కూడా వరుసగా తప్పులు పడుతున్నాయి. రంగు బిళ్ల సరిగ్గా గీత దగ్గరికి వచ్చినప్పుడే మీటుతున్నానని వాడు అంటున్నాడు. పక్కన నిలబడి చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. అయినా గేమ్ ఒప్పుకోకపోయేసరికి లోపం తన చేతిలోనే ఉందనుకొని దిగులుపడుతున్నాడు. మా వారేమో గేమింగ్ కోసం ప్రత్యేకంగా చేసిన టీవీ కొనాలేమో అంటున్నారు.

టీవీ మార్చకుండా దీన్ని సరిచేయగలమా? ఆ రెండో గిటార్ ల్యాప్‌టాప్‌కు ఎలా కలుస్తుంది? ఎనిమిదో తరగతి చదువుతున్న మా బాబుకు వచ్చే వేసవిలో అసలు గిటార్ నేర్చుకోవాలని ఉంది. ఈ ఆట దానికి మేలు చేస్తుందా, లేక చెడ్డ అలవాట్లు నేర్పుతుందా? ఇంకొక మాట కూడా అడగాలి. మా అత్తమ్మ బతుకమ్మ పాటలు చాలా బాగా పాడుతుంది. నానమ్మ పాటను ఈ గేమ్‌లో పెట్టుకొని వాయించవచ్చా అని బాబు రోజూ అడుగుతున్నాడు. తెలిసినవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు: మానేరు తీరం (కరీంనగర్)

నమస్తే అక్కా. ముందుగా గిటార్ల సంగతి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి పాత కంట్రోలర్లను బాగు చేయడం నాకు ఇష్టమైన పని.

వైరు ఉన్న ఎక్స్‌బాక్స్ 360 గిటార్‌ను విండోస్ దానంతట అదే గుర్తుపడుతుంది. కొత్తగా ఏదీ ఎక్కించనక్కరలేదు. మీ ఇంట్లో ఉన్నవాటిలో ఎక్కువ విలువైనది అదే కాబట్టి దాని వైరు మెలికలు పడకుండా, పిల్లలు కాలితో తొక్కకుండా చూసుకోండి.

ప్లేస్టేషన్ 3 గిటార్ విషయంలో ఒక కీలకమైన మాట ఉంది. అది బ్లూటూత్ మీద పనిచేయదు. దానితోపాటు అమ్మిన చిన్న యూఎస్‌బీ రిసీవర్, అంటే డాంగిల్, ఉంటేనే అది ల్యాప్‌టాప్‌తో మాట్లాడుతుంది. ఒక కంపెనీ గిటార్‌కు ఇంకొక కంపెనీ డాంగిల్ సాధారణంగా పనికిరాదు. మీ ఆడబిడ్డ వాళ్ల ఇంట్లో పాత కన్సోల్ వెనుకనో, వైర్లు వేసుకునే డబ్బాలోనో అది ఉండిపోయి ఉండవచ్చు, తప్పకుండా వెతకమని చెప్పండి. దొరికితే ఇక చిక్కు లేదు, కంప్యూటర్ దాన్ని మామూలు గేమ్ కంట్రోలర్‌గానే చూస్తుంది; గేమ్‌లోని కంట్రోల్స్ పేజీలో ఒక్కొక్క బటన్‌ను నొక్కి చూపిస్తే సరిపోతుంది. గిటార్‌ను పైకి ఎత్తినప్పుడు స్టార్ పవర్ (కాసేపు ఎక్కువ స్కోరు ఇచ్చే ఏర్పాటు) మొదలు కాకపోతే సెలెక్ట్ బటన్‌ను ఆ పనికి పెట్టుకోండి.

డాంగిల్ దొరకకపోతే గిటార్‌ను పారేయవద్దు. లోపల ఉన్నవి మామూలు స్విచ్‌లే: ఐదు రంగు బటన్లకు ఐదు, పట్టీని పైకి కిందికి మీటడానికి రెండు, స్టార్ట్, సెలెక్ట్ బటన్లు, స్వరాన్ని వణికించే వామీ కడ్డీకి ఒక చిన్న పొటెన్షియోమీటర్ (రేడియో వాల్యూమ్ తిప్పుడు బిళ్ల లాంటి భాగం). 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డుకు ఈ వైర్లను అతికించి, ఇందుకోసమే ఉచితంగా దొరికే ఫర్మ్‌వేర్‌ను, అంటే బోర్డును నడిపే ప్రోగ్రామ్‌ను, ఎక్కిస్తే, అదే గిటార్ వైరు గిటార్‌గా మారుతుంది. సోల్డరింగ్ తెలిసిన పాలిటెక్నిక్ విద్యార్థి ఎవరైనా ఒక పూట కూర్చుంటే చేయగల పని ఇది. పాత వస్తువు కదా అని రిసీవర్ లేని వైర్‌లెస్ గిటార్లను ఆన్‌లైన్‌లో చవకగా అమ్ముతుంటారు. ఈ చర్చ చదువుతున్న మిగతావారు కొనే ముందు "డాంగిల్ ఉందా" అన్న ఒక్క ప్రశ్న అడగకుండా డబ్బు ఇవ్వవద్దని నా మనవి.

చాలా ఏళ్లు మూలన పడి ఉన్న గిటార్‌లో బ్యాటరీ గదిని మొట్టమొదట తెరిచి చూడాలి. బ్యాటరీలు కారి పచ్చటి పొర కట్టి ఉంటే, వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వండి. మెడ విడిపోయే రకం గిటార్ అయితే, మెడ, ఒడలు కలిసే చోట ఉన్న లోహపు పిన్నులను కూడా అలాగే తుడవండి. రంగు బటన్లు ఉండి ఉండి పలకకపోవడానికి చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

జవాబు: కాజీపేట ఎలక్ట్రానిక్స్

మేడమ్, మీ బాబు చేతిలో ఏ లోపమూ లేదని ముందే చెబుతున్నాను. ఈ మాట ఈరోజే వాడికి చెప్పండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఆలస్యం వల్ల వచ్చేవే, దాన్ని డబ్బు ఖర్చు లేకుండా చాలావరకు సరిచేయవచ్చు.

క్లోన్ హీరోలో ఒక్కొక్క బిళ్లకు సరైన క్షణానికి 70 మిల్లీ సెకన్లు ముందు, 70 మిల్లీ సెకన్లు తర్వాత వరకు మీటడానికి అవకాశం ఉంటుంది. మామూలు టీవీ తనకు వచ్చిన బొమ్మను వెంటనే చూపించదు. రంగులు దిద్దడానికి, కదలికలను నునుపు చేయడానికి, బొమ్మను తెర పరిమాణానికి సాగదీయడానికి కొన్ని ఫ్రేములను, అంటే వరుసగా వచ్చే బొమ్మలను, లోపల ఆపుకొని, తర్వాత చూపిస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఒక్కొక్క ఫ్రేము దాదాపు 16.7 మిల్లీ సెకన్లు కాబట్టి, ఆరు ఫ్రేములు ఆపుకుంటే చాలు, బొమ్మ 100 మిల్లీ సెకన్లు వెనకబడుతుంది. బాబు తెరను చూసి ఖచ్చితంగా మీటుతున్నాడు, కానీ వాడు చూస్తున్నది గేమ్ దృష్టిలో గడిచిపోయిన క్షణం. ఎంత శ్రద్ధగా చూసి మీటితే అంత ఖచ్చితంగా తప్పు పడుతుంది. పిల్లవాడికి ఇంతకంటే అన్యాయమైన పరీక్ష ఉండదు.

దీనికి తోడు బ్లూటూత్ స్పీకర్. అది శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, అవతల మళ్లీ విప్పి వినిపించేలోపు వంద నుంచి రెండు వందల మిల్లీ సెకన్లు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువే గడుస్తాయి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మైకుకు వంద మీటర్ల దూరంలో నిలబడితే, పాట మన చెవికి చేరడానికి సెకనులో దాదాపు మూడో వంతు కాలం పడుతుంది. ముందువరుస వాళ్ల చేతులను చూస్తూ, మైకులో పాటను వింటూ చప్పట్లు కొట్టబోతే ఏ చప్పట్లూ కలవవు. మీ హాల్లో జరుగుతున్నది సరిగ్గా అదే. కంటికి ఒక ఆలస్యం, చెవికి వేరొక ఆలస్యం.

ఇప్పుడు చేయవలసిన పని. బ్లూటూత్ స్పీకర్‌ను ఆటకు పూర్తిగా మానేయండి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రానికి వైరు ఉన్న స్పీకర్‌నో ఇయర్‌ఫోన్‌నో పెట్టండి, దాని ఆలస్యం పట్టించుకోనక్కర లేనంత తక్కువ. ఆ తర్వాత టీవీ సెట్టింగ్‌లలో గేమ్ మోడ్‌ను వెతికి పెట్టండి. ఇది చాలా టీవీలలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి, ల్యాప్‌టాప్ కలిపి ఉన్నప్పుడే పెట్టాలి. గేమ్ మోడ్ లేని టీవీ అయితే కదలికను నునుపు చేసేవి, మచ్చలు తగ్గించేవి, బొమ్మకు పదును పెట్టేవి ఒక్కొక్కటిగా ఆపేయండి. బొమ్మ కొంచెం వెలవెలబోయినట్టు కనిపించినా ఆటకు అదే మేలు.

మిగిలిన ఆలస్యాన్ని గేమ్‌లోని క్యాలిబ్రేషన్, అంటే ఆలస్యాన్ని సరిచూసే సెట్టింగ్, ద్వారా దిద్దాలి. అక్కడ ఆడియోకు, వీడియోకు వేరువేరు అంకెలు మిల్లీ సెకన్లలో ఉంటాయి. చాలామంది ఈ రెండింటినీ ఒకేసారి మార్చి, ఏది ఏమిటో తెలియక విసిగిపోతారు. నా సలహా ఏమిటంటే, ముందు బాబుకు కంఠతా వచ్చిన ఒక తేలికైన పాటను కళ్లు మూసుకొని, చెవితో మాత్రమే వాయించమనండి. తప్పులు పడితే ఆడియో అంకెను అయిదు చొప్పున ఒక దిక్కుకు జరుపుతూ పోండి; తగ్గడానికి బదులు పెరిగితే దిక్కు మార్చండి. అది కుదిరాక శబ్దం పూర్తిగా తగ్గించి, కళ్లతో మాత్రమే వాయిస్తూ వీడియో అంకెను అలాగే సరిచేయండి. చివరికి రెండూ కలిపి ఆడితే, బిళ్ల గీతను తాకడం, దెబ్బ వినిపించడం, చేయి మీటడం ఒకే క్షణంలో జరుగుతాయి. ఆ క్షణం కోసమే ఈ ఆట. ల్యాప్‌టాప్ తెరకు, టీవీకి అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి రెండింటినీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

క్యాలిబ్రేషన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. పాటలో ఏ బిళ్ల ఎప్పుడు వస్తుందో గేమ్‌కు ముందే తెలుసు, అందుకే టీవీ ఎంత వెనకబడుతుందో అంత ముందుగా బొమ్మను గీసి పంపగలదు. మీరు ఎప్పుడు మీటుతారో మాత్రం దానికి ముందుగా తెలియదు. తప్పు మీటినప్పుడు గిటార్ శబ్దం ఆగిపోవడం, సరిగ్గా మీటినప్పుడు మంట ఎగయడం వంటి స్పందనలు ఏ అంకె పెట్టినా ఆలస్యంగానే వస్తాయి. క్యాలిబ్రేషన్ ఉంది కదా అని టీవీ ఆలస్యాన్ని అలాగే వదిలేయకూడదు. ముందు ఆలస్యాన్ని వీలైనంత తగ్గించి, మిగిలినదాన్నే దిద్దుకోవాలి.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు, దీనికి చరిత్ర ఉంది. ఇదే తరహా గేమ్ అయిన గిటార్ హీరో మొదటి భాగం 2005లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. అప్పటికి ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి పాత గాజు గొట్టం టీవీలే. వాటిలో బొమ్మను ఆపుకొనే ఏర్పాటు లేదు కాబట్టి ఆలస్యం దాదాపు శూన్యం. పల్చటి టీవీలు ఇళ్లలోకి వచ్చాకే ఈ సమస్య పెద్దదైంది. 2008లో వచ్చిన రాక్ బ్యాండ్ 2 అనే గేమ్ గిటార్‌లో తెర వెలుగును, స్పీకర్ శబ్దాన్ని తానే కొలిచి అంకెలను సరిచేసుకొనే సెన్సర్లు పెట్టారంటే, తయారీదారులు దీన్ని ఎంత తీవ్రంగా తీసుకున్నారో ఊహించుకోండి.

ఇంకొక చిన్న విషయం. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి వెళ్లగానే చాలా యంత్రాలు విద్యుత్ పొదుపు పద్ధతిలోకి మారి వేగం తగ్గించుకుంటాయి, అప్పుడు ఫ్రేములు తడబడతాయి. స్థిరమైన ఆలస్యాన్ని దిద్దవచ్చు కానీ, క్షణక్షణం మారే ఆలస్యాన్ని ఏ అంకెతోనూ దిద్దలేము. కాబట్టి ఛార్జర్ పెట్టుకొని ఆడమనండి. కొత్త టీవీ కొనవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

జవాబు: సుబేదారి నివాసి

నా అభిప్రాయం కొంచెం వేరుగా ఉంది. ఆలస్యం ఎంత దిద్దినా అది ఐదు బటన్ల బొమ్మ గిటారే. పిల్లవాడికి ఆసక్తి పుట్టిన ఈ సమయం చాలా విలువైనది. ఆ సాయంత్రాలను బటన్ల మీద, అంకెల వేటలో ఖర్చు చేసే బదులు, ఒక మామూలు అకౌస్టిక్ గిటార్ కొనిచ్చి, వేసవి దాకా ఆగకుండా ఇప్పుడే తరగతిలో చేర్పించడం మంచిదని నేను నమ్ముతున్నాను. మార్కుల కోసం చదివే అలవాటు బళ్లో ఎలాగూ పడుతోంది. సంగీతంలో కూడా ముందు స్కోరును చూసుకొనే అలవాటు పడితే, పాటను వినే చెవి పెరగదేమోనని నా భయం.

జవాబు: ఫాతిమానగర్ గిటార్ టీచర్ (కాజీపేట)

సుబేదారి సార్ లేవనెత్తిన సందేహం న్యాయమైనదే. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఇదే అడుగుతారు. ఈ ఆటలు ఆడి వచ్చిన పిల్లలకూ, ఆడకుండా వచ్చిన పిల్లలకూ గిటార్ నేర్పుతున్నాను కాబట్టి, నేను చూసినది రాస్తాను.

అసలు గిటార్ మీద మొదటి నెలల్లో పిల్లలను వెనక్కి లాగేవి రెండు. ఒకటి ఎడమచేతి వేళ్ల నొప్పి, తీగను సరిగ్గా నొక్కలేకపోవడం. ఇందులో ఈ ఆట ఏమాత్రం సాయం చేయదు. బటన్‌ను మెల్లగా తాకినా పలుకుతుంది, తీగ అలా పలకదు. రెండోది తాళం నిలబెట్టుకోవడం, రెండు చేతులను ఒకే క్షణంలో కలపడం. ఎడమచేతి వేలు ఒక చోటికి చేరే సమయానికే కుడిచేయి మీటాలి, ముందు కాదు, తర్వాత కాదు. ఈ రెండో విషయంలో ఆట ఆడి వచ్చిన పిల్లలు స్పష్టంగా ముందుంటారు. పట్టీని కిందికి, పైకి మార్చి మార్చి మీటడం నేర్చుకున్న పిల్లవాడికి గిటార్ మీద అదే కదలికను నేను మళ్లీ మొదటి నుంచి నేర్పనక్కర లేదు. కుడిచేయి మీటకుండా ఎడమచేతి వేలితోనే స్వరాన్ని పలికించే హ్యామర్ ఆన్, వేలు లాగి పలికించే పుల్ ఆఫ్ పద్ధతులు ఏమిటో కూడా వాళ్లకు ముందే తెలిసి ఉంటాయి, చేతికి రావడానికి మాత్రం సమయం పడుతుంది.

నేర్పనివి చాలానే ఉన్నాయి. ఆరు తీగలను శ్రుతి చేసుకోవడం, స్వరస్థానం, మీటే బలాన్ని పెంచి తగ్గించడం, పలకకూడని తీగలను అరచేతితో ఆపడం, వీటిలో ఏ ఒక్కటీ ఐదు బటన్ల ఆటలో లేదు. ఆట తయారీదారులకు కూడా ఈ కొరత తెలుసు. అందుకే 2010లో రాక్ బ్యాండ్ 3 కోసం 102 బటన్లున్న గిటార్ వచ్చింది: 17 మెట్లు, ఒక్కొక్క మెట్టు మీద ఆరు తీగల చోట ఆరు బటన్లు. 2011లో వచ్చిన రాక్‌స్మిత్ ఇంకా ముందుకు వెళ్లి, అసలు ఎలక్ట్రిక్ గిటార్‌నే యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి వాయించేలా చేసింది. మీ బాబు గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టాక ఆ రెండో రకం వైపు చూడవచ్చు, ఇప్పుడు తొందర లేదు.

చెవి పెరగదేమోనన్న భయానికి మందు ఆటలోనే ఉంది. కాజీపేట వారు చెప్పిన కళ్లు మూసుకొని వాయించే పద్ధతిని క్యాలిబ్రేషన్‌తో వదిలేయకండి. ప్రతిరోజూ ఆట చివర ఒక తెలిసిన పాటను అలా వాయించమనండి. తెర లేకపోతే పిల్లవాడు పాటను వినక తప్పదు. స్కోరు ఎంత వచ్చిందని కాక, పాటలో గిటార్ ఎక్కడ ఆగింది, డప్పు దెబ్బ మీద పడిందా లేక దెబ్బల మధ్యలో పడిందా అని అడగండి. నేను మా తరగతిలో మెట్రోనోమ్ (ఒకే వేగంతో టిక్ టిక్ మని తాళం వినిపించే సాధనం) పెట్టి చేయించేది ఇదే.

కూర్చునే తీరు విషయంలో మాత్రం ఇప్పుడే జాగ్రత్తపడండి. సోఫాలో వాలి, మణికట్టు వంచి ఆడే అలవాటు పడితే, అసలు గిటార్ దగ్గర దాన్ని మాన్పడానికి నాకు నెలలు పడుతుంది. వెన్ను నిలిపి చేతులు లేని కుర్చీలో కూర్చోమనండి, లేదా పట్టీ తగిలించుకొని నిలబడమనండి. బొటనవేలు మెడ వెనుక ఉండాలి, మిగతా నాలుగు వేళ్లు బటన్ల మీద వంపుగా ఉండాలి. బటన్లు ఐదు, వేళ్లు నాలుగు కాబట్టి నారింజ కోసం చేయి జరపవలసి వస్తుంది. అలా చేయి జరపడం, మళ్లీ చూడకుండానే వెనక్కి రావడం గిటార్ మీద ఎంతో పనికొస్తుంది. మణికట్టు నొప్పి అంటే ఆ రోజుకు ఆట ఆపించండి.

జవాబు: గోదావరి గట్టు (మంచిర్యాల)

నానమ్మ పాట గురించి ఎవరూ రాయలేదు, నాకు మాత్రం ఈ ప్రశ్న చదవగానే ప్రాణం లేచి వచ్చింది. తప్పకుండా పెట్టుకోవచ్చు అక్కా. క్లోన్ హీరోలో ఒక్కొక్క పాట ఒక ఫోల్డర్. అందులో పాట ఆడియో ఫైలు, పాట పేరు వంటి వివరాలు ఉండే ఒక చిన్న ఫైలు, ఏ బిళ్ల ఎప్పుడు రావాలో చెప్పే చార్ట్ ఫైలు ఉంటాయి. చార్ట్ తయారు చేయడానికి మూన్‌స్క్రేపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

కష్టమంతా లయ దగ్గరే ఉంటుంది. స్టూడియోలో క్లిక్ (ఒకే వేగంతో వినిపించే తాళం) పెట్టుకొని రికార్డు చేసిన పాటకు వేగం ఒక్కసారి రాస్తే చివరిదాకా సరిపోతుంది. బతుకమ్మ పాట అలా ఉండదు. మెల్లగా మొదలై, చుట్టూ తిరిగేవాళ్ల అడుగు కుదిరాక వేగం అందుకుంటుంది, ఒకరు పాడగా మిగతావారు అందుకొనే చోట కొంచెం ఊపిరి తీసుకుంటుంది. కాబట్టి ప్రతి చప్పట్టు దగ్గరా, కనీసం ప్రతి చరణం మొదట్లో, వేగాన్ని మళ్లీ గుర్తు పెట్టాలి. మూన్‌స్క్రేపర్ ఒక్కొక్క దెబ్బను 192 భాగాలుగా విభజిస్తుంది, కనుక చాలా సన్నటి తేడాలను కూడా పట్టుకోవచ్చు. పాట మూడు లెక్కలో నడుస్తోందా, నాలుగా, ఏడా అన్నది ముందు చేతితో చప్పట్లు వేసి తేల్చుకొని, తాళం గుర్తును అందుకు తగ్గట్టు మార్చుకోండి. ఇది మార్చకుండా నాలుగు లెక్కలోనే వదిలేస్తే తెర మీద కనిపించే అడ్డగీతలు పాటతో కలవవు, పిల్లవాడి కన్ను తప్పుదారి పడుతుంది.

అత్తమ్మగారు పాడేటప్పుడు చప్పట్లు గట్టిగా వినిపించేలా రికార్డు చేయండి. ఫోన్‌ను నేల మీద పెట్టకుండా, ఆమె ఛాతీ ఎత్తులో, ఫ్యాన్ ఆపి ఉంచి చేయండి. చప్పట్లు లేకపోతే దెబ్బ ఎక్కడ పడిందో వెతకడం చాలా కష్టమవుతుంది.

ఐదు బటన్లలో సప్తస్వరాలు పట్టవు కదా అన్న సందేహం రావచ్చు. స్వరాన్ని బటన్‌కు ముడివేయనక్కర లేదు. పాట పైకి వెళ్లినప్పుడు చేయి నారింజ వైపు, కిందికి దిగినప్పుడు ఆకుపచ్చ వైపు కదిలితే చాలు. చోటు అయిపోతే ఊపిరి తీసుకొనే చోట మళ్లీ మధ్యకు రావాలి. ఉయ్యాలో అని సాగదీసే చోట పొడుగు బిళ్ల పెట్టి, వామీ కడ్డీని కదిలించే అవకాశం ఇవ్వండి. చప్పట్లు పడే చోట రెండు రంగులు కలిపి పెడితే, రాగానికీ తాళానికీ తేడా చేతికే తెలుస్తుంది.

సినిమా పాటలకు కూడా ఇలాగే చార్ట్ రాసుకోవచ్చు కానీ, ఆ ఆడియోను ఇంటర్నెట్‌లో పంచడం చట్టప్రకారం తగదు. ఆడియోను ఎవరికి వారు కొనుక్కోవాలి. మీ ఇంట్లో మీరు రికార్డు చేసిన పాట విషయంలో ఈ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: బాలసముద్రం అమ్మ

ఇంత ఓపికగా రాసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బ్లూటూత్ స్పీకర్ తీసేసి, వైరు స్పీకర్ పెట్టాం. మా టీవీలో గేమ్ మోడ్ ఉంది, ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ చూడలేదు. అది పెట్టగానే తేడా నాకే కనిపించింది. కళ్లు మూసుకొని ఆడియో, శబ్దం ఆపి వీడియో సరిచేశాం. ఇప్పుడు బాబు టీవీ మీద మీడియం స్థాయి పాటలు చివరిదాకా వాయిస్తున్నాడు. వాడి చేతిలో లోపం లేదని మీరు రాసిన మాటను మూడుసార్లు చదివించుకున్నాడు. కొత్త టీవీ ఆలోచన మానుకున్నాం. సుబేదారి సార్ చెప్పినట్టు వేసవి దాకా ఆగకుండా సంక్రాంతి తర్వాతే గిటార్ తరగతిలో చేర్పించాలని కూడా నిర్ణయించుకున్నాం. డాంగిల్ కోసం మా ఆడబిడ్డ వెతుకుతోంది.

అత్తమ్మ పాట నిన్న రికార్డు చేశాం. చప్పట్లు నేనూ మా తోటికోడలూ వేశాం. కానీ ఒక చిక్కు వచ్చింది. అత్తమ్మ మొదటి చరణం కంటే చివరి చరణానికి వేగం బాగా పెంచింది, బాబుకు చివరి చరణం అందడం లేదు. ఆమెను ఒకే వేగంతో మళ్లీ పాడమని అడగాలా?

జవాబు: గోదావరి గట్టు (మంచిర్యాల)

అడగవద్దు అక్కా, పాటకు ఆ వేగమే అందం. ఆమె పాడినదాన్ని అలాగే ఉంచండి. ఒకే పాటకు ఈజీ, మీడియం, హార్డ్, ఎక్స్‌పర్ట్ అని నాలుగు స్థాయిల్లో వేరువేరు బిళ్లలు రాసుకోవచ్చు. ఈజీలో చివరి చరణానికి చప్పట్ల బిళ్లలు మాత్రమే ఉంచండి, రాగం బిళ్లలు తీసేయండి. మీడియంలో పల్లవి దగ్గర మాత్రం రాగం చేర్చండి. ఇవి కాకుండా, గేమ్‌లోని ప్రాక్టీస్ మోడ్‌లో పాటలో ఒక భాగాన్ని ఎంచుకొని, వేగం తగ్గించి మళ్లీ మళ్లీ వాయించవచ్చు. అందుకోసం మూన్‌స్క్రేపర్‌లో ప్రతి చరణం మొదట్లో ఒక సెక్షన్ గుర్తు పెట్టి, దానికి పేరు రాయండి. ఆ గుర్తులు ఉంటే చివరి చరణాన్ని విడిగా ఎంచుకోవడం తేలిక. చార్ట్ ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.